ఎడమవైపు కుట్టు

కుట్టుషాపు పైన గది
మార్చి 9

అద్దాల వదినా,

నీ మరదలు కోతి ఇంకా చావలేదు. షాపు తెరవలేదు గానీ నోరు తెరిచింది. తెరిచి ఏం లాభం, శబ్దం రాదు. మెడ కోసి థైరాయిడ్ గడ్డ తీసినప్పుడు పక్కనున్న నరమేదో అలిగిందట. చేటలో ఇసుక పోసి చెరిగినట్టు ఒక గరగర, అంతే. నిన్న ఫోను చేస్తే అన్నయ్య "ఎవరండీ, గట్టిగా మాట్లాడండి" అని పెట్టేశాడు. పోస్టుమాస్టరు గొంతుతో, ఇంటాయన గొంతుతో ఇరవై ఏళ్ళు ఆయన్ని ఫోన్లో ఏడిపించాను. అన్నీ నమ్మాడు. నా గొంతుతో నేను మాట్లాడితే నమ్మడం లేదు.

అందుకే ఉత్తరం. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాను, రెండోసారి చేతిరాత కోసమే అనుకో.

అసలు ఆసుపత్రి గదిలోనే ఒకటి రాశాను. "ఈ గదిలో కాగితం ఈ గదిలోనే వదిలెయ్యాలి" అంది నర్సు. ఆ రేడియేషన్ అయోడిన్ మందు ఉంది చూశావూ, చిన్న గుళిక. సీసపు డబ్బాలోంచి పట్టకారుతో తీసి నా చేతిలో వేసి, మింగగానే అందరూ గుమ్మం అవతలికి పరుగు. నన్ను చూసి జనం పారిపోవడం కొత్త కాదు గానీ తెల్లకోట్లు వేసుకుని పారిపోవడం కొత్త. ఇక మూడు రోజులు నా చెమట విషం, నా ఉమ్మి విషం. నా నోటి సంగతి మీ అందరికీ ముందే తెలుసు, వాళ్ళకిప్పుడు తెలిసింది.

ఇంకో తమాషా విను. వాళ్ళిచ్చిన గౌనుకి ఎడమ రొమ్ము మీద కట్టుకునే నాడా ఊడి వేలాడుతోంది. మర్నాడు ఫోటో, ఒంట్లో మందు ఎక్కడ చేరితే అక్కడ చుక్కలా వెలిగే రకం. అలా వేలాడే నాడాతో ఫోటోకి వెళ్ళడానికి నేనేమైనా దిక్కులేని దర్జీనా? సంచి పట్టీలో ఎప్పుడూ గుచ్చి ఉంచే సూది తీశా, దారం నోట్లో తడిపి ఎక్కించా, నాడా కుట్టేశా. మిగిలిన దారం పళ్ళతో తెంపి, ఉండ చుట్టి, అలవాటు కొద్దీ గుండె మీదే అంటించుకున్నా. పొద్దున్న ఆ గౌనుతోనే బల్ల మీద పడుకోబెట్టి ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి తీశారు. నవ్వమని మాత్రం అనలేదు. నీ స్టూడియోనే నయం.

ఏమొచ్చిందో వచ్చే వారం చెబుతారు.

నీ కోతి

---

ఫోటో స్టూడియో, వెనక గది
మార్చి 17

కోతి మరదలికి,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. నవ్వాడు. నవ్వుతూనే లేచి పెరట్లోకి వెళ్ళాడు. కాసేపాగి చూస్తే కుళాయి విప్పుకుని దాని ముందు ఊరికే నిలబడి ఉన్నాడు.

నిన్న ఉత్తరం చూసి ఆ ఫోను నీదని తెలిశాక అన్నం ముట్టలేదు. "నా చెల్లెల్ని ఎవరండీ అన్నానే" అని ఒకటే గోల. మా పెళ్ళినాడు ఆయన చొక్కా జేబులు నువ్వు కుట్టేస్తే, అంతమందిలో చెయ్యి దూరక వెర్రిమొహం వేసుకున్నాడే, ఆ కథ రాత్రి నాకే మళ్ళీ చెప్పాడు. నేను అక్కడ లేనట్టు.

ఏ సంగతీ దాచకుండా రాయి. నేను ఓర్చుకోగలను.

వదిన

---

కుట్టుషాపు పైన గది
మార్చి 24

వదినా,

దాచకుండా రాయమన్నావు, ఇదిగో.

చుక్క ఉంది. గుండె పైన ఎడమవైపు, కాలరెముకకి నాలుగు వేళ్ళ కింద. రోగం ముందువైపు పక్కటెముకలోకి పాకిందన్నాడు డాక్టరు. రక్తంలో ఒక లెక్క చూస్తారట. గొంతులో గడ్డ మొత్తం పోయాక అది సున్నాకి రావాలి. నాకు నలభై. "లెక్క ఎక్కువుంది, చుక్క కనబడింది, రెండూ సరిపోయాయి" అన్నాడు. సంబంధం కుదిరినట్టు చెప్పాడు.

ఏడవకు. ఇది మంచి వార్తేనట. వెలిగిందంటే రోగం మందు తాగిందన్నమాట. తాగిందంటే కాలుతుంది. సెప్టెంబరులో ఇంకో పెద్ద మోతాదు ఇచ్చి కాల్చేస్తారు. ఫోటో కాపీ పంపుతున్నా, అన్నయ్యకి చూపించు. చూడు ఎలా మెరుస్తున్నానో. పుట్టి బుద్ధెరిగాక నన్నింత అందంగా ఎవరూ తియ్యలేదు.

షాపు తెరిచాను. మాట్లాడలేను కాబట్టి బేరాలాడేవాళ్ళు ఓడిపోతున్నారు.

కోతి

---

ఫోటో స్టూడియో, వెనక గది
ఏప్రిల్ 6

మరదలా,

మీ అన్నయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఆ చుక్క మీద వేలు పెట్టి "ఇదేనే దొంగ, దొరికిపోయాడు" అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు.

నేనూ చూశాను. ఇరవై ఆరేళ్ళుగా ఈ వెనక గదిలో అద్దం పెట్టుకుని ఫోటోల మీద మచ్చలు తుడుస్తున్నాను కదా, చెయ్యి ఊరుకోదు, కన్నూ ఊరుకోదు. మొహంలో మచ్చ వేరు, మొహం మీద పడ్డ దుమ్ము వేరు. చూపు ఆనగానే తెలిసిపోతుంది. నీ చుక్క ముందు బొమ్మలో మండుతోంది. వెనక బొమ్మలో చూద్దామంటే జాడ లేదు.

నాకు డాక్టరీ తెలీదు. ఒక్కటే అడుగుతాను. నువ్వు నాడా కుట్టింది ఏ వైపు?

వదిన

---

కుట్టుషాపు పైన గది
ఏప్రిల్ 15

వదినా,

నీ కళ్ళు మండిపోనూ! మనుషుల్ని వదిలేసి మచ్చల్ని చూస్తావు. ఏ వైపో ఎవరికి గుర్తు? కుడేమో. వీపు వైపేమో. ఆసుపత్రి గౌనుకి ముందేది, వెనకేది? అది వేసుకుంటే మనిషికే ముందూ వెనకా తెలీదు.

నీకో నవ్వులాట చెబుతా. పక్కింటి టీచరమ్మ జాకెట్టు నడుం దగ్గర రెండు వేళ్ళు వదులు చేసిచ్చి, "కొలత మార్చలేదు, మీరే చిక్కారు" అని చీటీ రాసిచ్చా. నాకు దీవెనలే దీవెనలు.

డాక్టరు పెద్దవాడు, చదువుకున్నవాడు. ముందు పక్కటెముక కాబట్టి వెనక్కి కనబడదన్నాడు. నువ్వు పెళ్ళిళ్ళ ఫోటోలు చూసుకో.

కోతి

---

ఫోటో స్టూడియో, వెనక గది
ఏప్రిల్ 22

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నావు. నీ మొదటి ఉత్తరం నా ముందే ఉంది. "ఎడమ రొమ్ము మీద" అని నీ చేత్తో నువ్వే రాశావు. నోట్లో తడిపిన దారం. నీ ఉమ్మే విషమని రాసిందీ నువ్వే.

ఆ చుక్క నీ ఒంట్లోది కాదు, గౌనుది. ఇంతకంటే శుభవార్త ఉంటుందా? వెళ్ళి డాక్టరుకి చెప్పు. లేని రోగానికి ఇంకోసారి ఆ మందెందుకు మింగుతావు? నువ్వు చెప్పకపోతే నేనే మీ అన్నయ్యకి చెబుతాను.

వదిన

---

కుట్టుషాపు పైన గది
మే 3

వదినా, ఇది స్టూడియో అడ్రసుకి పంపుతున్నా. అన్నయ్య కంట పడనివ్వకు. చదివి చించెయ్.

చుక్క గౌనుదే.

నాకు ఆ రోజే తెలుసు. డాక్టరు తన కోటు మీద వేలు పెట్టి "ఇక్కడ" అని చూపించాడు. నేను దారం ఉండ అంటించుకునే చోటు. పాతికేళ్ళుగా అదే చోటు, నా బట్టలన్నీ అక్కడే ముందు చిరుగుతాయి. గబగబా చీటీ రాశా, "అయ్యా, అది నా ఉమ్మి" అని. ఇవ్వబోతూ, ఎందుకో ఇంకో చీటీ రాసి అది ముందిచ్చా. "ఈ చుక్క లేకుండా రక్తంలో లెక్క ఒక్కటే ఎక్కువుంటే?"

ఆయన కళ్ళజోడు తీశాడు. "అప్పుడు కష్టమమ్మా. రోగం ఉందని తెలుసు, ఎక్కడుందో తెలీదు. పైగా మందు తాగడం మానేసిందని అర్థం. తాగని దాన్ని మనం కాల్చలేం" అన్నాడు. "మీకు ఆ బాధ లేదు, మీది వెలిగింది" అని నవ్వాడు.

మొదటి చీటీ గుప్పిట్లోనే ఉండిపోయింది.

లేని రోగం అన్నావు. చుక్క అబద్ధం, నలభై అబద్ధం కాదు వదినా. చుక్క ఉంది కాబట్టి నాకు సెప్టెంబరు ఉంది. అది ఉమ్మి అని చెప్పిన నిమిషం నుంచి నాకు ఏదీ లేదు. ఇంకోసారి మందిస్తే, ఎక్కడ దాక్కుందో ఆ ముండ, ఒక్క గుక్కైనా తాగదా అని నా ఆశ. ఆశ కూడా కాదు. ఊరికే కూర్చోలేకపోవడం.

జన్మంతా అందరికీ టోపీలు పెట్టాను. ఈ ఒక్కటి పెట్టనివ్వు. అన్నయ్యకి చెబితే ఆయన మొహం నువ్వు చూడాలి. నేను దూరాన ఉన్నాను, నాకేం.

నీ చేతులు పట్టుకుంటున్నా.

---

ఫోటో స్టూడియో, వెనక గది
మే 20

మూడు ఉత్తరాలు రాసి చించాను. ఇది నాలుగోది.

చెప్పను.

ఒప్పుకున్నానని అనుకోకు. మచ్చలు తుడవడం నా పని. ఇవాళ మొదటిసారి ఒక మచ్చని కాపాడుతున్నాను. మీ అన్నయ్య పొద్దున్నే లేచి ఆ చుక్కకి ఎదురుగా నిలబడి "నాలుగు నెలలు ఆగరా, నీ పని పడతా" అంటున్నాడు. నేను టీ తీసుకెళ్ళి పక్కన నిలబడుతున్నాను.

నీ ఉత్తరం చించలేదు. చించలేకపోయాను.

వదిన

---

కుట్టుషాపు పైన గది
సెప్టెంబరు 28

వదినా,

రాయడం ఆలస్యమైంది. మందుకి ముందు నెలరోజులు రోజూ మింగే థైరాయిడ్ మాత్రలు ఆపేయమన్నారు, ఉప్పు లేని తిండి తినమన్నారు. మొహం పొంగిన పిండిలా తయారైంది. ఎండలో కూర్చుని కూడా వణికేదాన్ని. అద్దంలో చూసుకుని "ఎవరండీ, గట్టిగా మాట్లాడండి" అన్నాను.

ఈసారి గౌను కొత్తది. నాడాలు నాలుగూ గట్టిగా ఉన్నాయి. నా సంచి గుమ్మంలోనే ఉంచేశారు. ఫోటోకి ముందు తలంటుకోమని, గౌను మార్చుకోమని నర్సు దగ్గరుండి చేయించింది.

ఫోటో శుభ్రం. ఎక్కడా ఒక్క చుక్క లేదు. లెక్క తొంభై.

డాక్టరు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని పాత చుక్కని గోటితో గీరి చూశాడు. తర్వాత అడిగాడు, "పోయినసారి మీ బట్టల మీద ఏమైనా పడిందా? ఉమ్మి లాంటిది?"

"దర్జీదాన్ని. నాడా కుట్టుకున్నా" అని రాసిచ్చా.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఏం పని చేస్తావని మీరెవరూ అడగలేదు" అని రాశా. అది నిజమే వదినా. వాళ్ళ కాగితంలో "వృత్తి" అని ఒక గడి ఉంది. "గృహిణి" అని వాళ్ళే నింపేసుకున్నారు.

ఆయన మంచివాడే. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, ఇంకా ఏదో చెయ్యొచ్చని కదా మనుషులు కోప్పడతారు. "ఇక ఈ మందు లేదు. అప్పుడప్పుడు చూస్తుందాం" అన్నాడు. చూడ్డానికి ఏముందని?

ఇంకోటి. రెండో మోతాదు నా నోట్లో ఊటని ఎండబెట్టేసింది. దవడ పక్క ఉమ్మి గ్రంథులు కాలిపోయాయట, తిరిగి రావట. కాలాల్సింది తప్ప అన్నీ కాలాయి. ముద్ద దిగాలంటే నీళ్ళు కావాలి. దారం నోట్లో పెట్టుకుంటే పొడిగా వెళ్ళి పొడిగా బయటికొస్తోంది, కొస విచ్చుకుపోయి సూదిలోకి పోదు. నిన్న ఒక్క సూదికి దారం ఎక్కించడానికి పావుగంట పట్టింది.

ఈ ఫోటో కాపీ కూడా పంపుతున్నా, అన్నయ్య అడిగితే ఫోటో శుభ్రం అని చెప్పు. అబద్ధం కాదుగా.

కోతి

---

ఫోటో స్టూడియో, వెనక గది
అక్టోబరు 8

మరదలా,

చెప్పాను. ఆయన మంచం మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, సంతోషంతో. తర్వాత ఏం చేశాడో తెలుసా? రెండు ఫోటోలూ స్టూడియోకి పట్టుకొచ్చాడు. పెద్దవి చేయించి ఒకే ఫ్రేములో పెట్టమన్నాడు. కింద "అప్పుడు", "ఇప్పుడు" అని రాయించమన్నాడు. నేనే కట్టాను ఆ ఫ్రేము. నా చేత్తో అద్దం తుడిచి, మేకులు కొట్టి ఇచ్చాను. ముందు గదిలో వేలాడుతోంది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు, "ఇదిగో దొంగ, ఇదిగో వాడు లేడు" అని. నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

ఏప్రిల్లోనే నేను చెప్పి ఉంటే నీ నోరైనా మిగిలేది. ఇది నేను రోజూ అనుకునే మాట. నువ్వు కాదంటావని తెలుసు, అయినా అనుకుంటాను.

ఆయనకి తెలియాలి. నా వల్ల కావడం లేదు. నువ్వే చెప్పు, ఎలాగైనా చెప్పు.

దీనితో ఒక అట్టపెట్టె వస్తుంది. ముప్పై సూదులు. అన్నింటికీ తెల్లదారం ఎక్కించి, చిక్కు పడకుండా ఒక్కోటీ విడిగా అట్టకి చుట్టాను. అయిపోతుంటే రాయి.

వదిన

---

కుట్టుషాపు పైన గది
నవంబరు 19

వదినా,

సూదులు అందాయి. ఎంత వరసగా చుట్టావు, నువ్వు దర్జీవి కావాల్సింది, నేను ఫోటోలు పాడుచేయాల్సింది.

దగ్గు మొదలైంది. లెక్క నూట అరవై దాటింది. రాత్రి పడుకుంటే కుడి పక్క నొప్పి. ఎడమవైపు ఏమీ లేదు, ఎడమవైపు బంగారం.

షాపు బోర్డు దింపించాను. మిషను టీచరమ్మకి ఇచ్చేశా. ఆమెకి కుట్టు రాదు. ఇప్పుడు నిజంగానే చిక్కింది పాపం, పాత జాకెట్లన్నీ తనే సరిచేసుకుంటుందట.

ఆఖరుగా ఒక చొక్కా కుట్టాను, అన్నయ్యకి. మిషను మీద కాదు, చేతికుట్టు. నీ సూదుల్లో ఇరవై రెండు పట్టాయి. మెడ నిలబడాలని కాలరులో మంచి బక్రం పెట్టా, కాగితంలా గరగరలాడే గట్టి గుడ్డ. చేతులు కాస్త పొడుగు, వయసొచ్చింది కదా, భుజాలు వంగాయి.

జేబు కుట్టేశాను. పెళ్ళిరోజు కుట్టినట్టే, నోరు మూసేసి. లోపల కాగితం ఉంది. చుక్క సంగతి, లెక్క సంగతి, నీ తప్పేమీ లేదన్న సంగతి అన్నీ రాశా. చెప్పమన్నావు కదా, చెప్పాను. నాకు చేతనైన తీరు ఇదే.

చొక్కా ఇవ్వు. నీ అంతట నువ్వు ఏమీ అనకు. తిట్టుకుంటూ కత్తెరతో విప్పితే విప్పనీ. జేబులో ఏముందే అని నోరు తెరిచి అడిగితే మాత్రం ఇంక దాచకు, విప్పి చేతిలో పెట్టు.

ఎనిమిది సూదులు మిగిలాయి. మళ్ళీ పంపొద్దు.

నీ కోతి

---

ఫోటో స్టూడియో, వెనక గది
డిసెంబరు 4

కోతి మరదలికి,

చొక్కా ఆదివారం వేసుకున్నాడు. కాలరు నిలబడింది. చేతులు సరిగ్గా సరిపోయాయి.

పెన్ను పెట్టుకుందామని జేబు వెతికాడు. వేళ్ళు దూరలేదు. ఒక్క క్షణం వెర్రిమొహం వేశాడు, అదే మొహం, మా పెళ్ళినాటిది. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. గోడ పట్టుకుని నవ్వాడు, కళ్ళల్లో నీళ్ళు కారేదాకా. "చూశావుటే, కోతి బాగుపడింది! దీని బుద్ధి తిరిగొచ్చిందంటే మనిషి తిరిగొచ్చినట్టే!" అని వీధిలోకి వెళ్ళి నలుగురికీ ఆ జేబు చూపించుకొచ్చాడు.

నేను కత్తెర తెచ్చాను. నిజంగా తెచ్చాను. విప్పనివ్వలేదు. "మళ్ళీ అది వచ్చి తన చేత్తోనే విప్పాలి, అప్పటిదాకా ఇలాగే వేసుకుంటా" అన్నాడు.

రాత్రి చొక్కా విప్పి మడతపెడుతూ జేబు మీద చెయ్యి వేసి ఆగాడు. "లోపలేదో గరగరలాడుతోంది, ఏముందే?" అన్నాడు.

అడిగాడు మరదలా. నోరు తెరిచే అడిగాడు.

బక్రం అన్నాను.

వదిన